నాలుగు మైక్రాన్లు

నా చేతిపనిని ఎవరైనా పొగిడితే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. ఏ పెళ్ళిలోనో పాత ల్యాబువాళ్ళు కలుస్తారు. "మీ సెక్షన్లంటే సెక్షన్లండీ, మళ్ళీ అలాంటి చెయ్యి మా డిపార్ట్‌మెంటుకి రాలేదు" అంటారు. తింటున్న విస్తరి వదిలేసి చెయ్యి కడుక్కోవడానికి లేచిపోతాను. ముసలాడికి పొగరు తగ్గలేదని వెనకాల అనుకుంటారని తెలుసు. అనుకోనీ. ఆ పొగరు ఉన్న రోజుల్లో ఏం జరిగిందో ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు. పోయినేడు మా అక్క కూడా పోయింది. ఇంక దాచాల్సిన మనిషి లేదు కాబట్టి రాస్తున్నాను.

డెబ్బైల చివర్లో విశాఖపట్నంలో ఒక వైద్య కళాశాలలో, పాథాలజీ ల్యాబులో నేను టెక్నీషియన్ని. రోగి ఒంట్లోంచి తీసిన ముక్క ఫార్మలిన్ సీసాలో మా దగ్గరికి వస్తుంది. దాన్ని కరిగిన మైనంలో నానబెట్టి, దిమ్మగా పోతపోసి, మైక్రోటోమ్ అనే కోత మిషను మీద పొరలుగా కొయ్యాలి. ఆ పొరనే సెక్షన్ అంటారు. దాన్ని గాజుపలక మీదికెక్కించి రంగులు వేసి ఇస్తే, డాక్టర్లు మైక్రోస్కోపులో చూసి జబ్బు పేరు రాస్తారు. చాకిరీ మాది, సంతకం వాళ్ళది. అయినా నాకు ఆ పనంటే పిచ్చి. మిల్లీమీటరులో వెయ్యో వంతుని మైక్రాన్ అంటారు. అందరూ అయిదారు మైక్రాన్ల మందాన కోస్తే నేను నాలుగుకి కోసేవాణ్ణి. ఒక్క ముడత ఉండేది కాదు, ఒక్క గీత పడేది కాదు. పక్క ల్యాబులవాళ్ళు చూడ్డానికి వచ్చేవారు. వాళ్ళు వచ్చినప్పుడు నేను చూడనట్టు నటిస్తూ ఇంకా పలచగా కోసేవాణ్ణి.

కత్తికి పదును పెట్టడం నాకు నేర్పింది కాలేజీ కాదు. విశాఖలోని పాత ఊళ్ళో మా వీధి చివర ఒక సాయిబు ఉండేవాడు. మంగలి కత్తులూ, మాంసం కొట్టు కత్తులూ సానపట్టడం వాళ్ళ తాతల నాటి పని. మైక్రోటోమ్ కత్తిని గుడ్డలో చుట్టుకుని ఆదివారాలు ఆయన అరుగు మీద కూర్చునేవాణ్ణి. "బలం పెట్టొద్దు బేటా. కత్తి బరువే సాలు. నీ బలమంతా ఊపిరి బిగబట్టడానికి దాసుకో" అనేవాడు. ఆ మాట నాకు జీవితాంతం అన్నం పెట్టింది.

ఆ వీధిలోనే, రేవుకి దగ్గరగా, రెండు గదుల పెంకుటింట్లో మా అక్కా బావా ఉండేవారు. నేనూ అక్కడే. అమ్మానాన్నా నా చిన్నతనంలోనే పోతే, అక్క కాపురానికి వెళ్తూ నన్నూ వెంటబెట్టుకెళ్ళింది. "అత్తోరోళ్ళు సారెలో అరిసెలతో పాటు బామ్మర్దిని కూడా ఎట్టినారు. అరిసెలు వారంలో అయిపోనాయి, ఈడు అవలేదు" అని బావ వచ్చినవాళ్ళందరికీ చెప్పి నవ్వించేవాడు. వాళ్ళకి పిల్లల్లేరు. బావకి అక్షరం ముక్క రాదు, వేలిముద్ర మనిషి. నన్ను మాత్రం పట్టుబట్టి చదివించాడు. నాకు ఉద్యోగం వచ్చిన రోజున నా తెల్లకోటు తనే తొడుక్కుని వీధి చివరిదాకా నడిచి వచ్చాడు.

పోర్టులో ఖలాసీగా ఖనిజం ఎగుమతి చేసే ఓడల దగ్గర చాలా ఏళ్ళు పనిచేసి బావ టీబీ తెచ్చుకున్నాడు. ఇంజెక్షన్లు మొదలుపెట్టడం, దగ్గు తగ్గగానే మానెయ్యడం. రెండుసార్లు అలా చేశాడు. ఆ తర్వాత బరువు పని చెయ్యలేక చేపల రేవులో ఐసు ఫ్యాక్టరీలో చేరాడు. సాయంత్రం ఇంటికొచ్చి, కాళ్ళు కడుక్కుని, అరుగు మీద కూర్చుని చెవి రేవు వైపు పెట్టేవాడు. యారాడ కొండ పక్కనుంచి ఓడ లోపలికొస్తూ కూత వేస్తే చాలు, "ఇది రష్యావోళ్ళది", "ఇది జపానోళ్ళది" అని చెప్పేవాడు. సగం కోతలేనని నాకు తెలుసు. అయినా మర్నాడు రేవులో ఎవరినైనా అడిగితే మిగతా సగం నిజమని తేలేది. ఆ చెవులంటే అతనికి గర్వం. నాకు చేతులెలాగో అతనికి చెవులు అలాగ.

ఎండాకాలం మా ల్యాబులో పని నరకం. ఆ ఉక్కకి మైనం మెత్తబడిపోయి, కత్తి కింద దిమ్మ నలిగిపోయేది. ఎనిమిది, పది మైక్రాన్ల కన్నా పలచన రావడం ఎవరి తరమూ కాదు. దిమ్మని ఐసు మీద ఉంచి గట్టిపరిస్తే తప్ప లాభం లేదు. ఆ ఐసు బావ తెచ్చేవాడు. పొద్దున్నే గోనెసంచిలో ఊక మధ్య ఒక దిమ్మ పెట్టి, సైకిలు వెనకాల కట్టుకుని మా ల్యాబు మెట్ల దగ్గర దించేవాడు. "సేపల కంపు కొడతాదని మీ డాక్టర్లు ముక్కులు మూసుకుంటన్నారేటి బావా? ఆళ్ళ సీసాల కంపు కన్నా ఇదే నయం" అనేవాడు. నన్ను అతనూ బావా అనే పిలిచేవాడు. బావ ఐసు వచ్చిన రోజు మే నెలలో కూడా నేను నాలుగు మైక్రాన్లు కోసేవాణ్ణి.

ఆ రోజుల్లోనే ఎలకలు వచ్చాయి.

మా డిపార్ట్‌మెంటులో ఒక మేడమ్ ఉండేవారు. గోదావరి జిల్లా ఆవిడ. ఆవిడ భర్త అప్పుడింకా కట్టబోతున్న ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజనీరు. గాజువాకలో అద్దెకుండి రోజూ బస్సులో వచ్చేవారు. ఆవిడ పరిశోధన అమిలాయిడ్ మీద. ఒంట్లో టీబీలాంటి జబ్బు ఏళ్ళ తరబడి మానకుండా ఉంటే, కొందరిలో మైనంలాంటి ఒక పదార్థం పుట్టి అవయవాల్లో పేరుకుంటుంది. దాని పేరే అమిలాయిడ్. మూత్రపిండాల్లో చేరుతుంది, పేగుల గోడల్లో చేరుతుంది. ఒకసారి పేరుకుంటే దాన్ని తియ్యడానికి మందు లేదు. తెల్ల ఎలకలకి పాలలోని కేసీన్ అనే పదార్థాన్ని రోజూ చర్మం కింద ఎక్కిస్తే కొన్ని వారాలకి వాటిలోనూ ఇదే పుడుతుంది. అప్పుడు వాటిని ఈథర్‌తో చంపి, పొట్ట దగ్గర్నుంచి పెద్దపేగు చివరిదాకా ముక్కలు తీసి, ఎక్కడ ముందు చేరింది, ఎంత చేరింది అని చూడాలి. ముక్కలు కొయ్యడం నా వంతు. "పిల్లికి చెలగాటం, ఎలక్కి ప్రాణసంకటం" అని నేను గొణిగితే, "పిల్లి నేనా, మీరా?" అని అడిగేవారు మేడమ్.

మొదటి రోజే మా ఇద్దరికీ చెడింది. "ఇవి ఎనిమిది మైక్రాన్లు కొయ్యండి" అన్నారావిడ. నాకు చెంప మీద కొట్టినట్టయింది. ఎనిమిది అంటే నిన్న చేరినవాడు కోసే మందం. "నాలుగు కోసిస్తానండీ, చూడండి ఎంత స్పష్టంగా ఉంటుందో" అన్నాను. ఆవిడకి బస్సు ప్రయాణంతో తలనొప్పి, నాకు చేతిపని గర్వం. "చెప్పినట్టు కొయ్యండి, ప్లీజ్" అని తలుపేసుకుని వెళ్ళిపోయారు. ఎందుకు ఎనిమిది అని నేను అడగలేదు. అడిగితే లోకువైపోతానని. నాకు నేనే ఒక కారణం కల్పించుకున్నాను. ఎలక పేగు దారంలా సన్నగా ఉంటుంది కదా, పలచగా కోస్తే చిరిగిపోతుందని ఆవిడ భయం కాబోలు. నా చేతి సంగతి ఆవిడకి తెలీదు పాపం అనుకున్నాను. అలా అనుకుని, మొహం మాడ్చుకుని, రెండేళ్ళ పాటు ఎలకలన్నీ ఎనిమిదికే కోశాను.

ఆ సెక్షన్లకి కాంగో రెడ్ అనే రంగు వెయ్యాలి. మామూలు వెలుగులో అమిలాయిడ్ ఇటికరంగులో కనిపిస్తుంది. కానీ అది రుజువు కాదు. మైక్రోస్కోపుకి పోలరాయిడ్ పలకలు రెండు తగిలించి ఒకదాన్ని తిప్పితే చూపంతా చీకటైపోతుంది. అమిలాయిడ్ ఉంటే ఆ చీకట్లో అదొక్కటే పచ్చగా వెలుగుతుంది. అదే రుజువు. డాక్టర్లు దాన్ని యాపిల్ పచ్చ అంటారు. మేము చూసిన యాపిల్ పళ్ళన్నీ ఎర్రవే. నా కంటికది పచ్చి జామకాయ రంగు. మొదటిసారి మేడమ్ నన్ను పిలిచి చూపించినప్పుడు కోపమంతా మర్చిపోయి చాలాసేపు కళ్ళు తియ్యలేదు. ఎలక చిన్నపేగులో, సన్నని రక్తనాళాల చుట్టూ, ఉంగరాలు తొడిగినట్టు పచ్చటి వలయాలు.

కొన్ని ఎలకలకి ఇంజెక్షన్లు ఆపేసి చూశారు మేడమ్. కారణం ఆగిపోతే పేరుకున్నది కరుగుతుందేమోనని ఆవిడ ఆశ. మూడు నెలలాగి కోశాం. పచ్చటి ఉంగరాలు ఎక్కడివక్కడే ఉన్నాయి. "ఇంకొన్నాళ్ళు ఆగితే?" అన్నాను. ఆవిడ పుస్తకంలో ఏదో రాసుకుంటూ, "అన్నాళ్ళు ఎలకే ఉండదండీ" అన్నారు.

తర్వాతి ఎండాకాలానికి మేడమ్ పురిటికి పుట్టింటికి వెళ్ళారు. సెలవు పొడిగించుకుంటూ ఏడెనిమిది నెలలు రాలేదు. ఆవిడ వెళ్ళిన పదిహేను రోజులకి బావ కాళ్ళు పొంగాయి.

ముందు ఐసులో నిలబడడం వల్ల అనుకున్నాం. తర్వాత విరేచనాలు పట్టుకున్నాయి. ఎన్ని మందులు మింగినా కట్టలేదు. మొహం ఉబ్బి, చేతులు పుల్లల్లా అయిపోయాయి. ఆసుపత్రికి తీసుకెళ్తే మూత్రంలో ఆల్బుమిన్ అనే మాంసకృత్తు పోతోందన్నారు. వార్డు డాక్టరు నన్ను పక్కకి పిలిచారు. పాత టీబీ పేగులకి పాకి ఉండొచ్చు, అదైతే మళ్ళీ ఇంజెక్షన్లు ఇస్తే తగ్గుతుంది. లేకపోతే అమిలాయిడ్. అదైతే మూత్రపిండాలు కూడా పాడైపోతున్నట్టే, చెయ్యగలిగింది లేదు. తేలాలంటే పెద్దపేగు చివర్నుంచి చిన్న ముక్క తీసి పరీక్షకి పంపాలి. మూత్రపిండాలు వడకట్టాల్సిన యూరియా రక్తంలో అప్పటికి కాస్తే ఎక్కువుంది.

ఆ పదం విన్నాక నాకు అన్నం సహించలేదు. రెండేళ్ళుగా నేను కోస్తున్న ఎలకలన్నీ కళ్ళ ముందు తిరిగాయి. అక్కకి ఏదీ పూర్తిగా చెప్పలేదు. కానీ ముక్క మా ల్యాబుకే వస్తుందని తెలిసి నా చెయ్యి పట్టుకుంది. "తమ్ముడూ, నీ సేత్తోనే కొయ్యరా. ఇంకెవుల సేతికీ ఇవ్వకు. నీ సెయ్యి మంచిది" అంది.

బావని వార్డులో ఉంచుకుని ముక్క తీశారు; రెండు రోజులకి అది మైనం దిమ్మయి, కోసే రోజు వచ్చింది. మే నెల. పొద్దున్న ఎనిమిదికే గోడలు సెగలు కక్కుతున్నాయి. ల్యాబు మెట్ల దగ్గర రిక్షా ఆగిన చప్పుడైతే బయటికొచ్చాను. బావ. వాచిపోయిన కాళ్ళు చెప్పుల్లో పట్టక ఉత్త పాదాలతో ఉన్నాడు. ఒళ్ళో గోనెసంచి, అందులోంచి కారిన నీళ్ళతో పంచె తడిసిపోయింది. వార్డులో ఉండాల్సిన మనిషి ఎవరికీ చెప్పకుండా రేవుకి వెళ్ళి ఐసు తెచ్చాడు.

"నీకేం పిచ్చా బావా?" అని అరిచాను.

"మరేటి సెయ్యమంటావు? ఊళ్ళోవోళ్ళ ముక్కలన్నిటికీ నాను ఐసు తెచ్చినాను. నా ముక్కకి నాను తేకపోతే ఎవుడు తెత్తాడు?" అన్నాడు. "బాగా పలచగా కొయ్యి బావా. నీ పేరు నిలబెట్టు."

కోశాను. ఆ రోజు కోసినంత శ్రద్ధగా నా జన్మలో ఇంకే ముక్కా కొయ్యలేదు. ముందురోజు సాయంత్రమంతా కత్తిని తోలు మీద నూరాను. దిమ్మని బావ ఐసు మీద ఇరవై నిమిషాలు ఉంచాను. ఎనిమిది సంగతి నాకు గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది. అది ఎలకలకి, ఇది మనిషికి అనుకున్నాను. మా బావకి అనుకున్నాను. మిషను మీద ముల్లు నాలుగుకి తిప్పాను. ఊపిరి బిగబట్టి చక్రం తిప్పితే రిబ్బనులా పొరల మీద పొరలు వచ్చాయి. గోరువెచ్చని నీళ్ళ మీద వదిలితే, అక్కడ ఉన్నాయని కూడా కనిపించనంత పలచగా ఉన్నాయి. నా చేతికి నేనే దణ్ణం పెట్టుకోవాలనిపించింది.

రంగు సరిగ్గా పడిందో లేదో తెలియడానికి పక్కనే ఒక ఎలక సెక్షన్‌కి కూడా అదే రంగు వెయ్యడం పద్ధతి. మేడమ్ పాత దిమ్మల్లోంచి ఒకటి తీసి, అలవాటుగా ఎనిమిదికి కోసి కలిపాను. పోలరాయిడ్ పలక తిప్పి ముందు ఎలకని చూశాను. పచ్చగా వెలిగింది. తర్వాత బావని పెట్టాను. చీకటి. పలక జరిపాను, అటు తిప్పాను, ఇటు తిప్పాను. ఎక్కడా ఒక్క పచ్చ చుక్క లేదు. మైక్రోస్కోపు బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చేశాను. సంతోషంతో ఏడవడం అంటే ఏమిటో నాకు ఆ రోజే తెలిసింది. మేడమ్ స్థానంలో ఉన్న జూనియర్ డాక్టరు కూడా చూశాడు. ఎలక వెలిగింది, మనిషి వెలగలేదు, ఇంక అనుమానం ఏముంది? అమిలాయిడ్ లేదు అని రాసి సంతకం పెట్టాడు. "ఇంత పలచని సెక్షన్ నేనెప్పుడూ చూడలేదండీ" అన్నాడు. ఆ మాటకి నేను పొంగిపోయాను.

వార్డువాళ్ళు పేగు టీబీయేనని తేల్చి స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టారు. రోజుకొకటి, పూర్తి మోతాదు. కొన్నాళ్ళకి ఇంటికి పంపేశారు. ఇంజెక్షను చెయ్యడానికి వీధిలో కాంపౌండరు వచ్చేవాడు. విరేచనాలు కాస్త తగ్గినట్టనిపించాయి. తగ్గాలనుకున్నాం కాబట్టి తగ్గినట్టనిపించాయేమో. రెండో నెలలో ఒక సాయంత్రం బావ అరుగు మీద కూర్చుని చెవి రుద్దుకుంటున్నాడు.

"ఏటో బావా, సెవిలో ఓడ కూత్తన్నట్టుంది. ఆగదు."

"ఏ దేశం ఓడ?" అన్నాను నేను, నవ్వుతూ.

"ఇది మనకి తెలిసిన దేశం కాదు" అన్నాడు. తనూ నవ్వాడు.

తర్వాత నడుస్తుంటే తూలడం మొదలైంది. గోడ పట్టుకుని పెరట్లోకి వెళ్ళేవాడు. "ఈ సూదులు నాకు పడతన్నాయో లేదో. ఆపేత్తే బాగున్ను" అని అక్కతో అన్నాడట. అక్క నాకు చెప్పింది. నేను బావ మీద విరుచుకుపడ్డాను. "రెండుసార్లు మధ్యలో మానేశావు. అందుకే ఇంత దూరం వచ్చింది. ఈసారి మానావంటే నేను ఈ ఇంట్లో ఉండను" అన్నాను. కాంపౌండరు రాని రోజున నేనే వెళ్ళి లాక్కొచ్చాను. బావ సూదికి పక్కకి తిరిగి పడుకునేవాడు. నా మాటంటే అతనికి అంత గౌరవం. చదువుకున్నవాణ్ణి కదా.

శ్రావణంలో ఒకరోజు రేవులోకి పెద్ద ఓడ వచ్చింది. కూతకి మా పెంకులు అదిరాయి. వీధిలో పిల్లలు చెవులు మూసుకుని పరిగెత్తారు. బావ అరుగు మీదే, రేవు వైపు మొహం పెట్టి కూర్చుని ఉన్నాడు. కదల్లేదు. అక్క గుమ్మంలో నిలబడి నన్ను చూసింది. ఆ తర్వాత ఆ ఇంట్లో అందరం అరుస్తూ మాట్లాడుకోవడం అలవాటు చేసుకున్నాం. చెవులూ జబ్బు వల్లే పోయాయనుకుని ఇంజెక్షన్లు మాత్రం ఆపలేదు.

మేడమ్ తిరిగొచ్చేసరికి చలికాలం మొదలైంది. బావ సంగతంతా చెప్పాను. సెక్షన్ బాగానే ఉంది, అమిలాయిడ్ లేదు, అయినా మనిషి చిక్కిపోతున్నాడు, ఒకసారి చూడండి అన్నాను. స్లైడు తీసుకెళ్ళి మైక్రోస్కోపు మీద పెట్టారు. మామూలు వెలుగులో చాలాసేపు చూశారు. పలక తిప్పి చూశారు. తల ఎత్తకుండానే అడిగారు:

"ఇది ఎన్ని మైక్రాన్లు?"

"నాలుగండీ" అన్నాను. ఆ ఒక్క క్షణం నా గొంతులో గర్వం ఉంది. అది నేను ఎన్నటికీ మర్చిపోలేను.

ఆవిడ అప్పుడు తల ఎత్తారు. "ఎందుకండీ?" అన్నారు, చాలా మెల్లగా.

"మనిషి కదండీ. మా బావ కదండీ. మంచిగా కోశాను."

అప్పుడు చెప్పారు, రెండేళ్ళ కిందట నేను అడగనిది, ఆవిడ చెప్పనిది. ఆ పచ్చటి వెలుగు రావాలంటే కాంతి ఆ పదార్థంలోంచి కొంత దూరమైనా ప్రయాణించాలట. పొర మరీ పలచగా ఉంటే, అందులోనూ అమిలాయిడ్ కొంచెమే ఉంటే, వెలుగు కంటికి ఆనదట. ఎనిమిదో పదో ఉండాల్సిందే, ఎలకైనా మనిషైనా. నాకు మాత్రం ఒక్కటే తిరుగుతోంది బుర్రలో. ఆ రోజు బావ ఐసు తేకపోయి ఉంటే ఆ మే నెల ఎండలో నాకు నాలుగు వచ్చేది కాదు. చచ్చినట్టు ఎనిమిదే కోసేవాణ్ణి.

దిమ్మలో ముక్క ఇంకా మిగిలి ఉంది. చలికాలం కాబట్టి ఐసు అక్కర్లేదు. ముల్లు ఎనిమిదికి తిప్పి, కొత్తగా చేరినవాడిలా కోశాను. రంగు వేసి ఆవిడకిచ్చాను. ఆవిడ చూసి, లేచి, కుర్చీ నాకిచ్చి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. రక్తనాళాల చుట్టూ పచ్చి జామకాయ రంగు ఉంగరాలు. అచ్చం ఎలకలో ఉన్నట్టే.

చెవుల సంగతి అడిగితే మేడమ్ చెప్పలేక చెప్పలేక చెప్పారు. ఆ ఇంజెక్షను మందు మూత్రపిండాల్లోంచే బయటికి పోవాలి. అవి పాడైతే రక్తంలో నిలిచిపోయి చెవి నరాన్ని చంపేస్తుంది. అమిలాయిడ్ అని తెలిస్తే ఎవరూ అంత మోతాదు ఇవ్వరు. "తప్పు మీ ఒక్కరిదే కాదు. రిపోర్టు రాసినవాళ్ళు మందం అడగాల్సింది. నేను వెళ్ళేముందు చెప్పి ఉండాల్సింది" అన్నారు. మంచి మనిషి కాబట్టి అలా అన్నారు. కానీ చెయ్యి నాది. బలవంతంగా పొడిపించిన నోరు నాది.

అప్పటికప్పుడు వార్డుకి పరిగెత్తాను. డాక్టరు ఇంజెక్షన్లు ఆపమని చీటీ రాసిచ్చారు. యూరియా చూస్తే ఎక్కడికో వెళ్ళిపోయింది. ఇంక ఏం చెయ్యాలి అని అడిగితే ఆయన కలం మూత పెట్టి, "ఇంటి దగ్గరే ఉంచండి. ఉప్పు తగ్గించండి" అన్నారు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు. మాకు అవీ లేవు.

ఆ స్లైడు ఫోటో మేడమ్ థీసిస్‌లో ఉంది. ఎలకల బొమ్మలన్నీ అయ్యాక, పోల్చి చూడడానికి ఒక మనిషి పేగు. వాడుకోవచ్చా అని మొహమాటపడుతూ అడిగారు, సరేనన్నాను. పుస్తకం అచ్చయి వచ్చేసరికి బావ లేడు. చీటీ వచ్చిన రోజు నుంచి ఏడు వారాలు బతికాడు.

డాక్టరు చీటీ రాసిచ్చిన ఆ మధ్యాహ్నమే దాన్ని జేబులో పెట్టుకుని ఇంటికెళ్ళాను. బావ గదిలో చాప మీద గోడకానుకుని కూర్చున్నాడు. అక్క వంటింట్లో ఉంది. మధ్యలో తలుపు లేదు, ఒక తెర మాత్రమే. నేను బావ ముందు కూర్చుని అతని చెయ్యి పట్టుకున్నాను. దారి పొడుగునా కూడబలుక్కున్న మాటలన్నీ చెప్పేశాను. తప్పు కోశాను బావా. పొగరుతో కోశాను. ఎందుకని అడగలేదు. నీ చెవులు నేనే తీసేశాను. వద్దంటున్నా పొడిపించాను. అంతా చెప్పాను, మెల్లగా, వంటింట్లోకి వినపడకుండా.

బావ నా పెదాల వైపు చూస్తున్నాడు. అంతా అయ్యాక, అరచెయ్యి చెవి వెనక పెట్టుకుని ముందుకి వంగాడు.

"ఏటి బావా? ఇనపళ్ళేదు. గట్టిగా సెప్పు."

కాగితం మీద రాసిద్దామంటే అతనికి చదువు రాదు. గట్టిగా చెబుదామంటే తెర అవతల అక్క ఉంది. వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగింది. అక్క వింటోంది. నన్ను పెంచిన మనిషి, నీ చెయ్యి మంచిదిరా అన్న మనిషి. ఆ మాటలన్నీ అక్కడే మింగేశాను. పిరికితనం అంటే అదే. చీటీ తీసి బావకి చూపించి, నా శక్తికొద్దీ అరిచాను:

"ఇంజెక్షన్లు ఆపేశారు బావా!"

బావ మొహం విచ్చుకుంది. ఎన్నాళ్ళ తర్వాతో. "ఆపేసినారా? అయితే నయమైపోనట్టే కదేటి!" అన్నాడు. తనకి వినపడదు కాబట్టి వీధికంతా వినపడేలా అన్నాడు. అక్క తెర తోసుకుని పిండి చేతులతో పరిగెత్తుకొచ్చింది. "నిజవేనా? ఇంక సూదులు అక్కర్లేదన్నారేటి?" అని నన్ను అడిగింది. నేను తల ఊపాను. అక్కర్లేదనే అన్నారు. అందులో అబద్ధం లేదు.

ఆ రోజు మార్గశిర గురువారం. అక్క స్నానం చేసి, తడి జుట్టుతోనే అమ్మవారి గుడికి బయల్దేరింది. నన్నూ రమ్మంది. మా పాత ఊరి అమ్మవారికి ఎవరి చేత్తో వాళ్ళే పూజ చేసుకోవచ్చు, అది అక్కడి ఆచారం. వరసలో చాలాసేపు నిలబడ్డాం. మా వంతు వచ్చాక అక్క పసుపునీళ్ళు పోసింది, పాలు పోసింది. కుంకుమ భరిణె మాత్రం నా చేతిలో పెట్టింది. ఆమె కళ్ళు నీళ్ళతో మెరుస్తున్నాయి.

"నువ్వే వెయ్యరా తమ్ముడూ. మీ బావని బతికించింది నీ సెయ్యే" అంది.

వెనక జనం తోస్తున్నారు. కుంకుమ వేశాను.